వదులు దారం, ప్లాస్టిక్ వానపాము



అమెరికాలో చెరువుగట్టున గాలం వేసుకుని నిలబడ్డ మనిషిని ఏ చేప కోసమని అడిగితే చాలాసార్లు ఒకటే మాట వినబడుతుంది: బాస్. అందులోనూ లార్జ్‌మౌత్ బాస్. ఒళ్లు ఆకుపచ్చన, పక్కల వెంట నల్లటి చార, నోరు మూసినా పైదవడ కంటి వెనక దాకా పోయేంత పెద్ద నోరు. ఆ చేపకు వేసే ఎరల్లో గలగలమనేవి ఉన్నాయి, మెరుపు రేకులు గిర్రున తిరిగేవి ఉన్నాయి, నీటిమీద బుడబుడమంటూ వచ్చేవి ఉన్నాయి. వాటి మధ్య ఏ చప్పుడూ చెయ్యని ఎర ఒకటుంది, మెత్తటి ప్లాస్టిక్ వానపాము. దాన్ని హుక్కుకు ఎలా గుచ్చాలి, నీళ్లలో వేశాక ఎలా వెనక్కి తెచ్చుకోవాలి, ఇదీ ఈ వేళ్టి విషయం. వెనక్కి తెచ్చుకోవడం అన్నాను గానీ, ఈ ఎరకు చేప పడేది ఎక్కువగా మనం లాగుతున్నప్పుడు కాదు, లాగడం ఆపి దాన్ని మునగనిచ్చినప్పుడు. ఈ సంగతి చేతికి పట్టుబడితే మిగతాదంతా అభ్యాసం మీద వస్తుంది.

ఈ ఎర పుట్టింది ఒక వంటింట్లో. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్ అనే మెషినిస్టు, ఆయన భార్య కాస్మా, వినైల్‌లో నూనెలూ రంగులూ కలిపి పొయ్యి మీద కాచి, అసలు వానపామును చూసి తీసిన అచ్చుల్లో పోశారు. రబ్బరు పురుగులు అంతకుముందూ ఉన్నాయి గానీ అవి బిరుసుగా ఉండేవి. క్రీమ్ దంపతుల పురుగు నీళ్లలో మెలికలు తిరిగింది. 1951 నాటికి అమ్మకానికొచ్చింది. ఆ తరవాత వాళ్ల వ్యాపారం తూర్పు టెక్సస్‌లోని టైలర్‌కు చేరింది. ఎర అలా టెక్సస్ చేరడమే దాని జాతకాన్ని మార్చింది.

ఎందుకంటే టెక్సస్‌లో సహజంగా ఏర్పడ్డ పెద్ద సరస్సు కాడో ఒక్కటే. మిగతావన్నీ ఆనకట్టలు కట్టి నింపుకున్నవి. తూర్పు టెక్సస్‌లో ఆ నీళ్లు నిండింది అడవుల మీద. చెట్లు నిలువునా మునిగాయి. కొమ్మలు, మోళ్లు, తుప్పలు నీటి అడుగున అలాగే ఉండిపోయాయి. బాస్ వెంటాడి వేటాడే చేప కాదు, మాటు వేసే చేప. దానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. గాలం వేసేవాడికి మాత్రం చిక్కే. హుక్కు మొన బయటికి ఉంటే వేసిన ప్రతిసారీ కొమ్మకే తగులుకుంటుంది. అందుకని అక్కడి వేటగాళ్లు మొనను పురుగు ఒంట్లోనే దాచారు. దాన్నే ఇవాళ దేశమంతా టెక్సస్ రిగ్ అంటున్నారు.

దీని కట్టుబడి వివరంగా చెబుతాను. తొందరపడితే ఎర పాడయ్యేది ఇక్కడే.

ఏడంగుళాల పురుగు ఒకటి తీసుకోండి. 3/0 గానీ 4/0 గానీ ఆఫ్‌సెట్ హుక్కు కావాలి, అంటే కన్ను కిందనే మెడ రెండుచోట్ల వంగి మెట్టులా ఉండేది. తుపాకిగుండు ఆకారంలో, నడుమ చిల్లి ఉన్న బరువు, ఐదు నుంచి ఏడు గ్రాములది. పదిహేను పౌండ్ల దారం. ముందు బరువును దారానికి ఎక్కించాలి, సన్నటి మొన రాడ్ వైపు ఉండేలా. తరవాత హుక్కు కట్టాలి. నేనైతే పాలొమార్ ముడి వేస్తాను. దారాన్ని రెండు పేటలు చేసి కన్నులోంచి దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి హుక్కు మొత్తాన్ని పోనిచ్చి బిగించాలి. బిగించేముందు ఉమ్మితో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం దెబ్బతిని, పెద్ద చేప పడిననాడే అక్కడ తెగుతుంది.

ఇక పురుగు. తల నడిమధ్యలో హుక్కు మొన గుచ్చి, పావంగుళం లోపలికి పోనిచ్చి, పక్కనుంచి బయటికి తీయండి. పురుగును హుక్కు వెంట పైకి జరుపుకుంటూ పోతే తల వచ్చి ఆ మెట్టు దగ్గర కూర్చుంటుంది. అప్పుడు హుక్కును సగం చుట్టు తిప్పండి, మొన పురుగు ఒంటివైపు చూసేలా. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హుక్కును పురుగు పక్కన వేలాడనిచ్చి, దాని వంపు ఒంటిమీద ఎక్కడికి వస్తోందో చూసి, అక్కడ బొటనవేలి గోటితో చిన్న గాటు పెట్టండి. ఇప్పుడు పురుగును కాస్త పైకి కుదించి పట్టుకుని, ఆ గాటు దగ్గర మొనను తిన్నగా గుచ్చి అవతలివైపుకు తెప్పించండి. వదలగానే పురుగు సాగి సరిగ్గా కూర్చుంటుంది. ఆఖర్న బయటికొచ్చిన మొనమీద పురుగు తోలును చిటికెడు లాగి కప్పండి. వేలితో రాస్తే ముల్లు గుచ్చుకోకూడదు, కొద్దిగా నొక్కితే మాత్రం తగలాలి.

అయ్యాక దారం పట్టుకుని కళ్లకెదురుగా వేలాడదీసి చూడండి. పురుగు తిన్నగా ఉండాలి. గాటు ఒక్క పిసరు కిందికి పడినా, పైజమాకు బొందు ఎక్కించేటప్పుడు గుడ్డ కుచ్చుకున్నట్టు పురుగు ముడతలు పడుతుంది. అలాంటి పురుగు నీళ్లలో గిరగిరా తిరుగుతుంది, దారానికి మెలి పడుతుంది, చేప దాన్ని నమ్మదు. మొహమాటపడకుండా విప్పి మళ్లీ గుచ్చండి. ఎర ఎందుకు తినడంలేదని రంగులు మార్చేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో కొందరి పురుగు వంకరగా ఉండడమే అసలు సంగతి.

బరువు విషయం ఒకటి. పాతకాలం నుంచీ ఇవి సీసంతోనే చేస్తున్నారు. ఇప్పుడు టంగ్‌స్టన్‌వి దొరుకుతున్నాయి. సీసం సాంద్రత నీటికి పదకొండు రెట్ల పైచిలుకు, టంగ్‌స్టన్‌ది పందొమ్మిది రెట్ల పైచిలుకు. అంచేత అదే తూకానికి టంగ్‌స్టన్ ముక్క చిన్నది, సందుల్లోంచి సులువుగా జారిపోతుంది. పైగా గట్టిది కనుక, రాయికి తగిలినా కర్రకు తగిలినా ఆ తేడా దారం మీదుగా చేతికి తెలుస్తుంది. ధర బాగా ఎక్కువే. అయినా కొనమంటాను, ఇంకో కారణంతో కూడా. తెగి పడిన సీసపు గుళ్లను మింగి లూన్ అనే నీటిపక్షులు విషమెక్కి చనిపోతున్నాయని తేలడంతో, మెయిన్, న్యూ హాంప్‌షైర్ వంటి ఈశాన్య రాష్ట్రాలు చిన్న సీసపు బరువుల మీద నిషేధాలు పెట్టాయి.

సరే, ఎర సిద్ధమైంది. ఇక విసరడం.

డల్లాస్‌కు తూర్పున వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో లేక్ ఫోర్క్ ఉంది. 1980లో ఆనకట్ట పూర్తయింది, ఇరవై ఏడువేల ఎకరాల నీరు. టెక్సస్ రాష్ట్ర రికార్డు బాస్ అక్కడే పడింది, 1992 జనవరిలో, 18.18 పౌండ్లు, అంటే మన లెక్కలో ఎనిమిది కిలోల పైమాటే. నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను, ఆ చేప పడింది బతికున్న చిరుచేప ఎరకు, ప్లాస్టిక్‌కు కాదు. అయినా ఆ సరస్సులో నిలువు మోళ్ల మధ్య పడవ ఆపి చూస్తే, ప్లాస్టిక్ పురుగును ఇలాంటి చోటుకే చేశారని ఎవరికైనా అనిపిస్తుంది.

ఒక మోడును ఎంచుకోండి. దానికి కాస్త అవతల పడేలా విసరండి. ఎర నీటిని తాకగానే చాలామంది రీలు తిప్పడం మొదలుపెడతారు. తిప్పకండి. దారం బిగువుగా ఉంటే పురుగు లోలకంలా మనవైపు ఊగుతూ వచ్చేస్తుంది, ఆ మోడుకు దూరమైపోతుంది. దారాన్ని వదులుగా ఉంచితే తిన్నగా కిందికి దిగుతుంది. మరీ వదులైతే చేప పట్టినా మనకు తెలియదు. కాబట్టి రాడ్ కొసను ఎర వెంట నెమ్మదిగా దించుతూ, దారం నీటిమీద చిన్న వంపుతో ఉండేలా చూసుకోవాలి. బిగువూ కాదు, పూర్తిగా వదులూ కాదు. ఆ మధ్య స్థితిని మాటల్లో ఇంతకన్నా చెప్పలేను. ఒక ఉదయమంతా అలా వేస్తే చెయ్యే నేర్చుకుంటుంది.

కళ్లు మాత్రం దారం నీటిలోకి దిగే చోటుమీదే ఉండాలి. ఎర మునుగుతున్నంతసేపూ దారం జారుతూ ఉంటుంది. అడుగు తాకగానే సడలుతుంది. ఎనిమిదడుగుల లోతు ఉందనుకున్న చోట దారం మూడడుగులకే ఆగిపోయిందంటే మధ్యలో ఎవరో అందుకున్నారన్నమాట. ఒక్కోసారి దారం పక్కకు నడుస్తుంది. ఒక్కోసారి చిన్నగా ఎగిరిపడుతుంది. ఒక్కోసారి చేతికి టక్‌టక్‌మని రెండు దెబ్బలు తెలుస్తాయి. బాస్ ఎరను కొరకదు, నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్లతోపాటు లోపలికి పీల్చుకుంటుంది. రాడ్‌లోకి వచ్చే ఆ టక్కుమన్న దెబ్బ చాలాసార్లు ఆ పీల్పే. పురుగు మెత్తగా ఉంటుంది గనుక ఒకటి రెండు క్షణాలు నోట్లోనే పెట్టుకుంటుంది. దారం బిగువు తగిలిందా, ఉమ్మేస్తుంది.

అందుకే దెబ్బ తెలియగానే పైకి గుంజకూడదు. రాడ్ కొసను ఎరవైపు వంచి, వదులుగా ఉన్న దారాన్ని గబగబా చుట్టి, చేప బరువు తెలుస్తుందనగా గట్టిగా పైకెత్తాలి. పురుగు ఒంట్లోంచి మొన దూసుకువచ్చి దవడకు పట్టాలి, కాబట్టి మెత్తటి రాడ్ పనికిరాదు, కొస వేగంగా తేరుకునే బిరుసైన రాడ్ కావాలి. మోళ్ల మధ్య ఉన్నప్పుడు చేపకు తల తిప్పుకునే వ్యవధి ఇవ్వకూడదు. ఆ మొదటి రెండు గజాలు దాన్ని మనవైపు తెచ్చుకుంటే గెలిచినట్టే.

మునిగేటప్పుడు ఏదీ పట్టలేదనుకోండి, పురుగు అడుగున ఉంది. పది సెకన్లు అలాగే ఉండనివ్వండి. కొత్తవాళ్లకు ఇది కష్టం, ఏమీ చెయ్యకుండా ఉండడం. తరవాత రాడ్‌ను గడియారంలో తొమ్మిది గంటల స్థానం నుంచి పదకొండు దాకా నెమ్మదిగా ఎత్తండి. పురుగు అడుగునుంచి ఒక అడుగు లేస్తుంది. మళ్లీ దించండి, అది మళ్లీ మునుగుతుంది, కళ్లు మళ్లీ దారం మీదికి. మిగిలిన వదులును అప్పుడు చుట్టుకోండి. గమనించారా, ఎరను కదిపేది రాడ్, రీలు కాదు. రీలు పని వదులు చుట్టుకోవడమే. కొమ్మ తగిలితే గుంజకండి, కొస ఆడిస్తూ దానిమీదికి ఎక్కించి, అవతలివైపు జారవిడవండి. కొమ్మ మీదినుంచి దొర్లి పడే ఆ క్షణంలో చేప పట్టడం ఎంత మామూలో, మోళ్ల మధ్య కాలం గడిపినవాళ్లందరికీ తెలుసు.

నీరు చల్లగా ఉంటే ఇదంతా ఇంకా నిదానంగా చెయ్యాలి. లేపడం మానేసి అడుగున ఈడ్చడమే. వసంతంలో నీటి వేడి పదిహేను డిగ్రీల సెల్సియస్ దాటాక బాస్ గుడ్లకోసం ఒడ్డు పక్కకు వస్తుంది. నడి వేసవిలో పెద్దవి లోతుకు దిగుతాయి. అప్పుడు పదంగుళాల పురుగు, లేదా కారోలైనా రిగ్. అందులో పెద్ద బరువు, దాని కింద ఒక పూస, ఒక తిరిగే బందు (స్వివెల్), అక్కడినుంచి రెండు మూడడుగుల దారం, ఆ కొసకు హుక్కు. బరువు అడుగున దుమ్ము రేపుకుంటూ పోతే, పురుగు వెనకాల తేలుతూ వస్తుంది. రాడ్‌ను పక్కకు ఊడ్చినట్టు లాగాలి. విశాలమైన మెరకలు వెతకడానికి మంచిది, మోళ్లలో పనికిరాదు.

ఇంకో పద్ధతికి మాత్రం కొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి. గ్యారీ యమమోటో అనే ఎరల తయారీదారు, 1990లలో సెంకో అని ఒక పురుగు తెచ్చారు. చూడడానికి ఏమీ లేదు. తోక లేదు, కాళ్లు లేవు, బాల్‌పెన్ను అంత పుల్ల. కానీ ప్లాస్టిక్‌లో దండిగా ఉప్పు కలిపారు. దాంతో ఏ బరువూ కట్టకుండానే మునుగుతుంది. నడుముకు ఒక చిన్న రబ్బరు రింగు వేసి, దాని కింద హుక్కు దూర్చి, రెండు కొసలూ వేలాడేలా వేస్తే, మునిగినంతసేపూ రెండు కొసలూ సన్నగా వణుకుతాయి. దీన్నే వాకీ రిగ్ అంటారు. గుచ్చే పనితనం ఏమీ అక్కర్లేదు. వెయ్యండి, మునగనివ్వండి, చూడండి, అంతే. పిల్లలకు మొదటి బాస్ పట్టించాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. మునిగేటప్పుడే పట్టేదని ఇందాక అన్న మాటకు ఈ ఎరే సాక్ష్యం.

రంగుల మాట అడుగుతారు. దుకాణంలో గోడనిండా వేలాడుతుంటాయి మరి. బాస్ కంటికి ఎరుపు, ఆకుపచ్చ రంగులు బాగా తెలుస్తాయని 2018లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. మిగతా ముదురు రంగుల్లో తేడా దానికి అంతగా తెలియదు. నా అభిప్రాయం చెప్పమంటే, తేటనీటికి ముదురాకుపచ్చ, బురదనీటికి నలుపూ నీలం కలిసినది, రెండు పొట్లాలు చాలు. మిగతా డబ్బు బరువులమీద పెట్టండి.

వాసనల సంగతీ అంతే, కానీ ఆ వాసనల వెనక ఒక కథ ఉంది. అలబామాలోని యూఫాలాలో టామ్ మన్ అనే ఎరల వ్యాపారి పండ్ల వాసనలు కలిపిన జెల్లీ పురుగులు అమ్మేవాడు. 1973లో స్ట్రాబెరీ పురుగుకు పడిన ఒక బాస్‌ను తొట్టెలో పెట్టి పెంచుకున్నాడు. లిరాయ్ బ్రౌన్ అని పేరు పెట్టాడు. 1980లో అది చనిపోతే అంత్యక్రియలు చేశాడు, వందలమంది వచ్చారు, సమాధిరాయి కూడా ఉంది. ఆ దేశంలో ఈ చేపను ఎంత ప్రేమిస్తారో చెప్పడానికి ఇంకేం కావాలి?

మన తెలుగునాట ఈ విద్యకు దగ్గరి చుట్టం ఉంది. కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేప. అదీ మాటు వేసేదే, నాచు కింద, గుర్రపుడెక్క కింద. దానికోసం ఇప్పుడు మనవాళ్లు మెత్తటి రబ్బరు కప్పలు వేస్తున్నారు. వాటి ముళ్లూ కప్ప వీపుకు అంటుకుని దాక్కుని ఉంటాయి, చేప నోట్లో కప్ప నలిగితేనే బయటపడతాయి. సూత్రం అదే.

వింటున్నవారిలో డల్లాస్ చుట్టుపక్కల, ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో ఉంటున్న తెలుగువాళ్లు ఉంటే ఒక మాట. పదిహేడేళ్లు నిండినవాళ్లకు టెక్సస్‌లో లైసెన్సు కావాలి. రాష్ట్ర పార్కుల లోపల, ఒడ్డునుంచి వేస్తే అది కూడా అక్కర్లేదు, కాబట్టి పిల్లలతో మొదలుపెట్టడానికి అవే మంచివి. లేక్ ఫోర్క్‌లో పదహారు నుంచి ఇరవై నాలుగు అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఉంచుకోకూడదు, నీళ్లలో వదిలెయ్యాల్సిందే. వదిలేముందు చేతులు తడిపి పట్టుకోండి, కింది పెదవి ఒక చేత్తో, పొట్ట ఇంకో చేత్తో. పెద్ద చేపను పెదవి పట్టుకుని అడ్డంగా వేలాడదీస్తే దవడ దెబ్బతింటుంది.

చివరిగా చెప్పేది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. రెండు మూడు చేపలు పడేసరికి పురుగు తల చీలిపోతుంది. చీలినదాన్ని నీళ్లలోకి విసిరెయ్యడం చాలామందికి అలవాటు. అది పీవీసీ. కుళ్లదు. నీళ్లలో ఉబ్బుతుంది, చేపలు మింగుతాయి, మింగినది అరగదు. మెయిన్ రాష్ట్ర చట్టసభలో 2013లో ఈ ఎరలను నిషేధించాలనే ప్రతిపాదనే వచ్చింది. నిషేధం రాలేదు, అధ్యయనంతో ఆగింది. నిషేధించాల్సినంత చెడ్డ ఎర కాదిది, పారెయ్యడమే చెడ్డపని. పడవలో ఒక మూత డబ్బా పెట్టుకోండి, చీలినవన్నీ అందులోకే. గట్టి ప్లాస్టిక్ ఎరలున్న పెట్టెలో మాత్రం వీటిని కలపకండి, మెత్తబరిచే నూనె ఊరి రెండూ కరిగి అంటుకుపోతాయి.

ఆ డబ్బాలోవాటిని ఇంటికి తెచ్చాక చూడండి. చాలావాటికి తలే చీలి ఉంటుంది, మిగతా ఒళ్లు బాగానే ఉంటుంది. చీలిన భాగం కత్తిరించేసి, మిగిలినదాంట్లోంచి మూడంగుళాల ముక్క కోసుకోండి. పుట్టగొడుగు తలలాంటి చిన్న బరువు అతికించిన హుక్కులు దొరుకుతాయి, రెండు మూడు గ్రాములవి. ఆ ముక్కను దానికి తిన్నగా ఎక్కించండి. నెడ్ రిగ్ అంటారు దాన్ని. ఏడంగుళాల పురుగును బాస్ కన్నెత్తి చూడని జనవరి నీళ్లలో, అడుగున మెల్లగా ఈడ్చిన ఈ ముక్కకు చేప పడుతుంది.